ఓట్లు పడ్డాక వచ్చిన సర్క్యులర్

మన నగరం – మన ఓటు: చరిత్ర ధారావాహిక

2020 డిసెంబర్ 3 రాత్రి. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఎన్నికల పోలింగ్ ముగిసి రెండు రోజులైంది. పెట్టెలు సీలు పడి స్ట్రాంగ్ రూముల్లో ఉన్నాయి. తెల్లవారితే లెక్కింపు. ఆ రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘం నుంచి ఒక సర్క్యులర్ వెలువడింది. బ్యాలెట్ మీద స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే గుర్తు పడి ఉన్నా, ఓటరు ఎవరికి వేశాడో స్పష్టంగా తెలుస్తుంటే దాన్ని చెల్లిన ఓటుగా లెక్కించాలన్నది అందులోని సారాంశం. కొన్నిచోట్ల పోలింగ్ సిబ్బంది పొరపాటున ఓటర్లకు వేరే ముద్ర ఇచ్చారు కాబట్టి ఆ ఓట్లు వృథా పోకూడదని సంఘం ఉద్దేశం.

ఉద్దేశం మంచిదే. వచ్చిన వేళ మంచిది కాదు. ఈ భాగం చెప్పేది ఆ వేళ గురించే.

గత భాగంలో 2016 ఎన్నికల దగ్గర ఆగాం. పురానాపూల్ డివిజన్‌లో పోలింగ్ రోజు గొడవలు జరిగితే, ఫిబ్రవరి 5న అక్కడ మళ్లీ పోలింగ్ పెట్టి ఆ తర్వాతే నగరమంతటా లెక్కింపు మొదలుపెట్టారు. ఆ వరస గుర్తుంచుకోండి, దాంతో పని పడుతుంది. 2016లో ఓట్లు యంత్రాల మీద పడ్డాయి. 2020కి వచ్చేసరికి కోవిడ్ కాలం. రాజకీయ పార్టీల అభిప్రాయాలు తీసుకున్న ఎన్నికల సంఘం కాగితపు బ్యాలెట్ వైపు మొగ్గింది. 150 డివిజన్లు, 1,122 మంది అభ్యర్థులు, 74 లక్షలకు పైగా ఓటర్లు. డిసెంబర్ 1న పోలైనవి 46.55 శాతం. యంత్రాలకు అలవాటుపడిన నగరం చాలా ఏళ్ల తర్వాత రబ్బరు ముద్ర పట్టుకుంది. ముద్ర అందించాల్సిన సిబ్బందిలోనూ చాలామందికి అది కొత్త పనే.

ఆ ముద్ర గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, గొడవంతా దానితోనే కాబట్టి. బ్యాలెట్ మీద ఓటరు వేసే గుర్తుకు నాలుగు చేతులుంటాయి, నాలుగూ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. అలా ఎందుకు పెట్టారో బ్యాలెట్ మడిచి చూస్తే తెలుస్తుంది. సిరా ఆరకముందే కాగితం మడిస్తే ఎదురుగా ఉన్న ఇంకో అభ్యర్థి గడిలోనూ మరక పడుతుంది. అయితే ఆ మరకలో చేతులు వ్యతిరేక దిక్కుకు తిరిగి కనిపిస్తాయి. ఏది అసలు ముద్రో, ఏది అంటుకున్న మరకో లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒక్క చూపులో చెప్పగలడు. మామూలు చుక్కో, అడ్డగీతో, వేలిముద్రో అయితే ఆ వీలుండదు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైంది. ఓటు రహస్యంగా ఉండాలంటే బ్యాలెట్లన్నీ ఒకేలా కనిపించాలి. ఇష్టమైన గుర్తు పెట్టుకోవచ్చు అంటే, ఓటుకు డబ్బిచ్చినవాడు ఫలానా చోట పెన్నుతో సున్నా చుట్టి రా అని చెప్పి పంపగలడు. లెక్కింపు ఏజెంటు బల్ల అవతల నిలబడి ఆ సున్నాల కోసం కాచుకోగలడు. డబ్బు తీసుకుని మనసుకు నచ్చినవారికి ఓటేసే స్వేచ్ఛ పేదవాడికి ఈ దేశంలో మిగిలిందంటే, ఆ ఒక్కలాంటి ముద్ర వల్లే మిగిలింది. అందుకే ముద్ర విషయంలో నిబంధన కఠినంగా ఉంటుంది. ఆ కాఠిన్యం ఓటరును కాపాడటానికే.

పోలింగ్ కేంద్రంలో ఇంకో ముద్ర కూడా ఉంటుంది. బ్యాలెట్ ఓటరు చేతికిచ్చే ముందు దాని వెనకవైపు ఆ కేంద్రాన్ని తెలిపే ముద్ర వేసి, ప్రిసైడింగ్ అధికారి సంతకం పెడతారు. బయటినుంచి తెచ్చిన కాగితాలు పెట్టెలో పడకుండా అది కాపలా. ఒకటి సిబ్బంది వాడేది, ఇంకొకటి ఓటరు వాడేది. రెండూ రబ్బరు ముద్రలే, రెండూ ఒకే గదిలో ఉండేవే. తెల్లవారుజామునే డ్యూటీకి ఎక్కిన సిబ్బంది రెండింటినీ తారుమారు చేసి, వెనకవైపు వేయాల్సిన ముద్రను ఓటరు చేతిలో పెడితే ఓటరేం చేస్తాడు? ప్రభుత్వం ఇచ్చిన ముద్రే కదా అని తనకు నచ్చిన గుర్తు మీద వేసి వస్తాడు. అతని తప్పు వీసమెత్తు లేదు.

పాతబస్తీకి ఆనుకుని ఉన్న ఓల్డ్ మలక్‌పేటలో డిసెంబర్ 1నే ఇంకో రకం తప్పు బయటపడింది. సీపీఐ అభ్యర్థి గుర్తు కంకి కొడవలి. బ్యాలెట్ మీద ఆ పేరుకు ఎదురుగా సీపీఎం గుర్తు సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. పోలింగ్ మొదలయ్యాక సంగతి తెలిసింది. ఎన్నికల సంఘం ఆ డివిజన్‌లోని 69 పోలింగ్ కేంద్రాల్లోనూ పోలింగ్ రద్దు చేసి, కొత్త బ్యాలెట్లు అచ్చు వేయించి డిసెంబర్ 3న మళ్లీ పెట్టింది. అంతవరకూ ఎగ్జిట్ పోల్స్ కూడా వెల్లడించకూడదని ఆంక్ష విధించింది. ఆ ఆంక్ష విలువ చాలామంది గమనించలేదు. మిగతా 149 డివిజన్లలో ఎవరు గెలుస్తున్నారో, ఎవరు ఓడుతున్నారో తెలియకుండానే ఓల్డ్ మలక్‌పేట ఓటరు వరసలో నిలబడ్డాడు. డిసెంబర్ 1న ఓటేసినవారికి ఎంత తెలుసో అతనికీ అంతే తెలుసు. రెండోసారి ఓటేయడం వల్ల అతనికి అదనపు బలం రాలేదు, నష్టమూ కలగలేదు. మజ్లిస్ పార్టీ అక్కడ గెలిచింది. ఓడినవారికి పోలింగ్ తీరు మీద వేలెత్తి చూపే అవకాశం మిగల్లేదు. సి. పార్థసారథి కమిషనర్‌గా ఉన్న ఎన్నికల సంఘం ఆ మూడు రోజుల్లో చేసిన పనుల్లో ఇది మెచ్చుకోదగ్గది.

ముద్ర తారుమారైన చోట ఆ దారి పట్టలేదు. సర్క్యులర్ దారి పట్టింది.

డిసెంబర్ 4 శుక్రవారం ఉదయం ఒకవైపు పెట్టెలు తెరుస్తుండగానే బీజేపీ హైకోర్టు తలుపు తట్టింది. మూసీ ఒడ్డున, నయాపూల్ దాటగానే కనిపించే ఎర్రరాతి భవనం ఆ కోర్టు చిరునామా. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1920లో ప్రారంభించిన ఆ భవనం పాతబస్తీలో నూరేళ్లుగా తీర్పుల చోటు. జస్టిస్ ఎ. అభిషేక్ రెడ్డి సర్క్యులర్ అమలును నిలిపేశారు. స్వస్తిక్ కాని గుర్తులున్న ఓట్లను వేరుగా ఉంచాలని, గెలిచినవారి ఆధిక్యం కంటే అలాంటి ఓట్లు ఎక్కువగా ఉన్నచోట ఫలితం ప్రకటించవద్దని ఆదేశించారు. నా దృష్టిలో ఇది చాలా వివేకమైన ఆదేశం. లెక్కింపు ఆగలేదు. ఆ ఓట్లు చెత్తబుట్టలో పడలేదు, అభ్యర్థుల ఖాతాలోనూ పడలేదు. వాటితో నిమిత్తం లేకుండా గెలుపోటములు తేలే చోట్ల తేలిపోయాయి.

సాయంత్రానికి లెక్క ఇదీ: టీఆర్ఎస్ 55, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. మొత్తం 149. నూట యాభయ్యోది నేరేడ్‌మెట్. నగరానికి ఉత్తరాన, మల్కాజిగిరి వైపున్న ఆ డివిజన్‌లో టీఆర్ఎస్ అభ్యర్థి 504 ఓట్ల ముందంజలో ఉన్నారు. వేరే ముద్ర పడిన ఓట్లు 544. నలభై ఓట్ల తేడాతో ఆ డివిజన్ ఫలితం ఆగిపోయింది.

ఈ అంకెల్ని కాస్త తరచి చూద్దాం. ఆ 544 ఓట్లనూ మొదటి ఇద్దరే పంచుకుంటారనుకున్నా, వెనకబడిన అభ్యర్థి గెలవాలంటే అందులో 525 దక్కాలి. అంటే నూటికి 96కు పైగా. ఏ వీధిలోనూ అలా జరగదు. కాబట్టి ఆ ఓట్లు లెక్కించినా, పక్కన పెట్టినా గెలిచేది ఒకరేనని నేరేడ్‌మెట్ చాయ్ హోటళ్ల దగ్గర కూర్చున్నవారు కూడా చెప్పగలరు. అప్పుడిక గొడవెందుకు అని అడిగేవారున్నారు. సర్క్యులర్ ఒక్క నేరేడ్‌మెట్ కోసం రాసింది కాదు, 150 డివిజన్లకూ వర్తించేది. ఎక్కడ ఏ అభ్యర్థి ఎన్ని ఓట్లతో బయటపడతారో అది రాసే రాత్రి ఎవరికీ తెలియదు. పది ఓట్ల తేడాతో తేలే డివిజన్ ఒకటుండి, అక్కడ ఇలాంటి ఓట్లు ఇరవై పడి ఉంటే ఆ సర్క్యులరే కార్పొరేటర్‌ను ఎన్నుకునేది.

ఎన్నికల సంఘం వైపు న్యాయం లేదని నేను అనను. నేరేడ్‌మెట్‌లో వేరే ముద్ర అందరికీ ఒకటే. ఓటరును గుర్తుపట్టే వీలు అందులో లేదు. కాబట్టి రహస్యం చెడుతుందన్న వాదన అక్కడ నిలవదు. అధికారి తప్పుకు 544 మంది పౌరుల నోరు నొక్కడం అన్యాయమే. ఈ మాట ఓటర్ల తరఫున ఎవరైనా గట్టిగా చెప్పాల్సిందే. కానీ సర్క్యులర్ ఆ ఒక్క పొరపాటుకు కట్టుబడలేదు, వేరే గుర్తులకూ తలుపు తెరిచింది. పైగా ఏది చెల్లుతుందో ఓటరు ఓటేసేటప్పుడు ఒక మాట, పెట్టె తెరిచేటప్పుడు ఇంకో మాట అయింది. డిసెంబర్ 1న ముద్ర సరిగ్గా పడలేదని భయపడి ఇంకో బ్యాలెట్ అడిగినవాడు, పెన్నుతో గీస్తే చెల్లదని తెలిసి జాగ్రత్తపడినవాడు పాత నిబంధనను నమ్మి నడుచుకున్నారు. వాళ్లకు చెప్పకుండా దాన్ని మార్చే హక్కు ఎవరికుంది?

ఇదే ప్రశ్న ఇదే హైకోర్టు చుట్టూ ఇంకో రూపంలో తిరిగిన సందర్భం ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జీల నియామకాలకు రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెట్టారు. అంతా అయిపోయాక ఇంటర్వ్యూలోనూ ఇన్ని కనీస మార్కులు రావాలన్న షరతు హైకోర్టు కొత్తగా చేర్చింది. రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవారు కొందరు ఆ షరతుతో వెనకబడ్డారు. 2008 ఫిబ్రవరి 15న మంజుశ్రీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆట అయిపోయాక ఆట నియమాలు మార్చకూడదన్న సూత్రానికి దేశమంతటా ఈ తీర్పునే ఉదహరిస్తారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ తీర్పు సరైనదేనని తేల్చింది. నియమం మార్చినవారు న్యాయమూర్తులు. మంచి జడ్జీలు రావాలన్నదే వారి కోరిక. మార్చినవారు పెద్దవారైనంత మాత్రాన, మార్పు మంచిదైనంత మాత్రాన సరిపోదని అప్పుడు తేలింది.

ఓట్ల విషయంలోనే ఇంకా పాత కేసు ఉంది. అది మన గణతంత్రపు మొదటి ఎన్నికల నాటిది. 1952లో మధ్యప్రదేశ్ వైపు హోషంగాబాద్ లోక్‌సభ స్థానంలో హరి విష్ణు కామత్ కాంగ్రెస్ అభ్యర్థి సయ్యద్ అహ్మద్ చేతిలో 174 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ రోజుల్లో ఓటరు గుర్తు మీద ముద్ర వేయక్కర్లేదు. అభ్యర్థికో పెట్టె ఉండేది. బ్యాలెట్ తీసుకెళ్లి నచ్చినవారి పెట్టెలో వేయడమే. లోక్‌సభ బ్యాలెట్ మీద ఆకుపచ్చ గీత, శాసనసభ బ్యాలెట్ మీద గోధుమరంగు గీత. సోభాపూర్ కేంద్రాల్లో సిబ్బంది ఈ రెండింటినీ తారుమారు చేశారు. ఆ తప్పుడు గీత బ్యాలెట్లలో 301 సయ్యద్ అహ్మద్ పెట్టెలో పడ్డాయి.

ఓటరు మనసు ఇంతకంటే స్పష్టంగా తెలిసే సందర్భం ఉండదు. తిన్నగా వెళ్లి ఒక మనిషి పెట్టెలో కాగితం వేశాడు. అయినా నిర్ణీత నమూనాలో లేని బ్యాలెట్‌ను తిరస్కరించాలన్న నిబంధన పాటించి తీరాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాలెట్ నమూనాకు ఎన్నికల సంఘం ఆమోదం పోలింగ్‌కు ముందే ఉండాలని, తర్వాత ఇచ్చే ఆమోదం ఆ ఓట్లను బతికించలేదని కూడా తేల్చింది. ఆ 301 తీసేస్తే కామత్‌కే ఎక్కువ ఓట్లు. అయినా కోర్టు ఆయన గెలిచారని ప్రకటించలేదు. సరైన బ్యాలెట్ ఇచ్చి ఉంటే ఆ 301 మంది ఎవరికి వేసి ఉండేవారో తెలుసు కాబట్టి, అధికారుల తప్పు కామత్‌కు కానుక కాకూడదని భావించింది. మొత్తం ఎన్నికనే రద్దు చేసింది. 1955లో ఉప ఎన్నిక జరిగితే హోషంగాబాద్ ప్రజలు కామత్‌నే గెలిపించారు. నిబంధన వంగలేదు, ఓటరూ నష్టపోలేదు. రెండింటినీ కాపాడాలంటే మళ్లీ ఓటరు దగ్గరకే వెళ్లాలి. డెబ్బై ఏళ్ల నాటి ఈ తీర్పు మన ఎన్నికల సిబ్బంది శిక్షణలో ఎందుకు కనబడదో నాకు అర్థం కాదు.

ఈమధ్య అమెరికాలోనూ ఇలాంటి పోరు నడిచింది. నార్త్ కరోలినా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి 2024 నవంబర్‌లో ఎన్నిక జరిగింది. ఆలిసన్ రిగ్స్ 734 ఓట్ల తేడాతో గెలిచారు. ఓడిన జెఫర్సన్ గ్రిఫిన్ అరవై వేలకు పైగా ఓట్లను కొట్టేయాలన్నారు. నమోదు పత్రాల్లో కొన్ని వివరాలు లేవని, విదేశాల నుంచి ఓటేసినవారు ఫొటో గుర్తింపు జతచేయలేదని ఆయన వాదన. ఓటేసిన నాటికి ఎన్నికల అధికారులు ఆ ఓటర్లను అవి అడగనే లేదు. ఆరు నెలల తర్వాత, 2025 మే 5న, ఫెడరల్ జడ్జి రిచర్డ్ మైయర్స్ ఆ ఓట్లను తీసేయడానికి వీల్లేదన్నారు. ఎన్నిక ముగిశాక నిబంధనలు మార్చి ఓట్లు రద్దు చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చారు. రెండు రోజుల్లో గ్రిఫిన్ ఓటమి ఒప్పుకున్నారు.

అక్కడ ఓట్లు తీసేయడానికి, ఇక్కడ ఓట్లు చేర్చడానికి. ఈ రెండూ ఒకే బరువున్న తప్పులని నేను అనుకోను. ఉన్న ఓటును లాక్కోవడం పెద్ద అన్యాయం. చెల్లదనుకున్న ఓటును చెల్లుబాటు చేయడం అంతకంటే చిన్నది. అయినా రెండు చోట్లా ఓటరు చేయి దాటిపోయిన కాగితం మీద మరొకరి చేయి పడింది. ఆ చేయి ఎవరిదైనా అనుమానం తప్పదు. 2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో ఆ అనుమానం ఎంత నిజమవుతుందో దేశం కళ్లారా చూసింది. రిటర్నింగ్ అధికారి అనిల్ మసీహ్ తానే 8 బ్యాలెట్లపై గీతలు గీసి, అవి చెల్లవన్నాడు. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్లను తెప్పించుకుని చూసి, కుల్దీప్ కుమార్‌ను మేయర్‌గా ప్రకటించింది. హైదరాబాద్‌లో అలాంటి దురుద్దేశం ఉందని ఎవరూ రుజువు చేయలేదు, నేనూ అనడం లేదు. కానీ ఓటు చెల్లుతుందా లేదా అన్న నిర్ణయం పోలింగ్ తర్వాత అధికారి చేతిలో పెడితే, మంచి అధికారికీ చెడ్డ అధికారికీ ఒకే తాళంచెవి ఇచ్చినట్టే.

మరి 2020లో ఏం చేసి ఉండాల్సింది? ముద్ర తారుమారైన సంగతి లెక్కింపు కంటే ముందే, డిసెంబర్ 3 రాత్రికి, ఎన్నికల సంఘానికి తెలుసు. సర్క్యులరే అందుకు సాక్ష్యం. నేరేడ్‌మెట్ పెట్టెల్ని మాత్రం తెరవకుండా ఆపి, తప్పు జరిగిన చోట ఒక రోజు రీపోలింగ్ పెట్టాల్సింది. 2016లో పురానాపూల్‌కు చేసింది, అంతకు కొద్ది గంటల ముందే ఓల్డ్ మలక్‌పేటకు చేసింది అదే కదా. రీపోలింగ్ అంటే ఖర్చు, శ్రమ. రోజు కూలీ వదులుకుని మొదటిసారి వచ్చినవారు రెండోసారి వస్తారన్న నమ్మకం లేదు, ఓటర్లు తగ్గొచ్చు. ఈ కష్టం చిన్నదని కొట్టేయను. అయితే ఓల్డ్ మలక్‌పేటలో 69 కేంద్రాల్లో చేయగలిగిన పని ఇక్కడ చేయలేరా?

డిసెంబర్ 7 సోమవారం హైకోర్టు మధ్యంతర ఉత్తర్వును తొలగించి, నేరేడ్‌మెట్ ఫలితం ప్రకటించడానికి దారి ఇచ్చింది. నగర పాలక సంస్థల ఎన్నికలపై కోర్టులు మధ్యలో కలుగజేసుకోకుండా రాజ్యాంగంలోని 243జెడ్‌జీ అధికరణ అడ్డుగోడ కట్టింది. ఫిర్యాదు ఉంటే ఎన్నిక పిటిషన్‌గానే వేసుకోవాలి. ఆ గోడ ఎందుకుందో నాకు తెలుసు. ప్రతి ఓడిన అభ్యర్థీ ప్రతి దశలో స్టే తెచ్చుకుంటే ఏ నగరానికీ పాలకవర్గం ఏర్పడదు. కానీ దానివల్లే, పోలింగ్ తర్వాత నిబంధన మార్చినా అడిగే చోటు ఎన్నిక ముగిసేదాకా దొరకదు. అందుకే ఆ పని జరగకుండా చూసుకునే బరువు పూర్తిగా ఎన్నికల సంఘం మీదే పడుతుంది.

డిసెంబర్ 9న ఆ 544 ఓట్లూ లెక్కించారు. టీఆర్ఎస్ అభ్యర్థి మీనా ఉపేందర్ రెడ్డి ఆధిక్యం 504 నుంచి 782కు పెరిగింది. టీఆర్ఎస్ 56కు చేరింది. 150లో సొంతంగా మెజారిటీ ఎవరికీ లేదు. 2021 ఫిబ్రవరి 11న మజ్లిస్ మద్దతుతో గద్వాల విజయలక్ష్మి మేయర్‌గా, మోతె శ్రీలత డిప్యూటీ మేయర్‌గా ఎన్నికయ్యారు. ఆ రోజు ఓటేసినవారిలో కార్పొరేటర్లే కాదు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు ఎక్స్ అఫీషియో సభ్యుల హోదాలో ఉన్నారు. నగర ప్రజలు కార్పొరేషన్‌కు ఎన్నుకోనివారికి మేయర్ ఎన్నికలో ఓటు ఎలా వచ్చిందో వచ్చే భాగంలో.